పళ్లూ పూలూ ఉన్న సెంటు

మా అత్తకు తెలిసిన సెంటు ఒకటే. ఎకరాన్ని నూరు వంతులు చేస్తే అందులో ఒక వంతు. గొలుసు పట్టి కొలిచేది, గట్టు వేసుకునేది, పక్కవాడు జానెడు జరిగితే తలలు పగలగొట్టుకునేది. ఒంటికి రాసుకునే సెంటు కూడా ఒకటుంటుందని ఆవిడ ఎరగదు. అత్తరు తెలుసు, పెళ్లిళ్లలో చల్లే పన్నీరు తెలుసు. సెంటు అన్న మాట మాత్రం ఎవరి నోట వచ్చినా ఆవిడ చెవిన భూమిగానే పడేది.

అలా పడడంలో వింతేమీ లేదు. ఆవిడకు ఆ ధ్యాస ఒక్కటే. మా మావ బతికుండగానే పొలం చేయి దాటిపోయింది. ఆయన పోయాక ఇల్లు మరిది వాటాలోకి వెళ్లింది. కొండ కింద పల్లపు ఊళ్లో, ఆ మరిది ఇంటి వసారాలో ఒక మూల చాప వేసుకుని ఉండేది మా అత్త. ఆ ఇంట్లో ఆవిడ చేయని పని లేదు, ఆవిడదని చెప్పుకోవడానికి చెంబు కూడా లేదు. ఒకసారి పెరట్లో ఆనపపాదు పెడితే, "ఎవుల జాగాలో ఎవులు పాదెట్టినారు?" అని తోటికోడలు మొలకతో సహా పీకి పారేసిందట. అప్పటి నుంచి కొడుకు కనబడితే చాలు, "ఒరే, రెండు సెంట్లు కొనరా. పాకేసుకుని నా జాగాలో నాను సచ్చిపోతాను" అనేది. మా ఆయన "కొందాంలేయే" అనేవాడు. ఆ మాట చాలు, పాక ఏ ముఖంగా ఉండాలో, పొయ్యి ఏ మూల పెట్టాలో, పాదులు ఎటువైపు పాకించాలో చెప్పడం మొదలుపెట్టేది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండేది వరస.

ఇది పంతొమ్మిది వందల ఇరవైల నాటి సంగతి. మా ఆయన అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాటీ రోడ్డు పనిలో మేస్త్రీ. వానకు రోడ్డు కొట్టుకుపోయేది, వీళ్లు మళ్లీ వేసేవాళ్లు, మళ్లీ వాన వచ్చేది. ఆ పనికి అంతు లేదు కనక మా తిండికి లోటు లేదు. కాంట్రాక్టరు వేయించి ఇచ్చిన తడికల పాకలో మా కాపురం. పని జరిగే చోటు మారితే పాకా మారేది. పెళ్లయిన కొత్తలో ఊళ్లోకి కాపురానికి వెళ్తారు ఎవరైనా. నేను కొండెక్కాను.

కొండ మీద నాకు అది మొదటి వేసవి. అక్కడ వేసవి వేసవిలా ఉండదు. పొద్దున్న చలి, మధ్యాహ్నం ఎండ, సాయంత్రానికి గాలీ వానా. కింద మా పుట్టింట్లో అయితే ఆ నెలల్లో ఇల్లంతా రెండే వాసనలు. మంచం కింద గడ్డిలో మాగేసిన మామిడిపళ్లు, తలలో మల్లెలు. కొండ మీద పువ్వులకేం కరువు లేదు. పక్క గూడెం ఆడపిల్లల కొప్పుల్లో నాకు పేర్లు తెలియని పువ్వులు ఎన్ని ఉండేవో. పనసపండు వాసనకైతే తలనొప్పి వచ్చేది. కాని అవి నావి కావు. ఆ మాటే మా ఆయనతో చెప్పి ఏడ్చాను. ఆయన బెంబేలెత్తిపోయి, "మల్లిపువ్వులకి ఏడుత్తారేటే?" అన్నాడు. ఏడుస్తారు. కాపురానికొచ్చిన కొత్తలో దేనికైనా ఏడుస్తారు.

ఆ తర్వాతి అరకు సంతకు ఇద్దరం కలిసి వెళ్లాం. పూసలూ దువ్వెనలూ అమ్ముకునే వర్తకుడొకడు కింది నుంచి వచ్చి గోనె పరుచుకుని కూర్చున్నాడు. పూసల పక్కన చిన్న చిన్న గాజు బుడ్డీలు పేర్చాడు. ఒక్కోదాని మీద రంగు కాగితం, కాగితం మీద పువ్వు పట్టుకున్న ఆడమనిషి బొమ్మ. "సెంటమ్మా, సెంటు! ఆడోల్ల సెంటు! ఎండాకాలానికి ఇదే! పల్లూ పూలూ అన్నీ ఇందులోనే!" అని గొంతు చించుకుంటున్నాడు. అత్తరు కొనే తాహతు లేని మాలాంటివాళ్ల కోసం చేసిన చవక సరుకు. నేను ఊరికే చూస్తుంటే మూత తీసి నా మణికట్టు మీద ఒక చుక్క వేశాడు. ముందు మాగిన మామిడిపండు వాసన వచ్చింది. దాని వెనకే మల్లెలాంటిది, సంపెంగలాంటిది ఏదో వచ్చింది. నా ముఖం ఎలా మారిందో నాకు తెలియదు. మా ఆయన ఆ ముఖం చూసి బేరమైనా ఆడకుండా బుడ్డి కొనేశాడు. పెళ్లయ్యాక ఆయన నాకు కొనిచ్చిన మొదటి వస్తువు అది. చాలాకాలం దాకా చివరిది కూడా.

సరుకు గొప్పదని నేననను. రాసుకున్న వెంటనే పండు, కాసేపటికి పువ్వు, పొద్దువాలేసరికి లాంతరు నూనె. అయినా నాకు అపురూపమే, రెండు రోజుల్లోనే బుడ్డిలో సగానికి పైగా రాసేసుకున్నాను. మాకు కట్టెలు తెచ్చి అమ్మే గూడెం ముసలమ్మ నా చెయ్యి వాసన చూసి వెనక్కి జరిగింది. "దీన్తోటి అడివిలోకి రాకమ్మా. తేనీగలు నిన్ను పువ్వనుకుంటాయి" అంది. నేను నవ్వాను. మర్నాడు ఊట దగ్గరికి నీళ్లకు వెళ్తే నిజంగానే ఒక తేనెటీగ నా చెవి చుట్టూ రొద పెట్టింది. బిందె అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాను. ఆ తర్వాత ఇంటిపట్టున ఉన్నప్పుడే, చెవి వెనకాల ఒక చుక్క రాసుకుని సరిపెట్టుకునేదాన్ని.

ఇక మా అత్త సంగతి. ఆవిడ ఊరి ఉప్పుబండివాడు ప్రతి సంతకూ ఉప్పూ ఎండుచేపలూ వేసుకుని కొండెక్కేవాడు. ఆ రోజు మా పక్కనే నిలబడి మా కొనుగోలంతా చూశాడు. కిందికి దిగి ఊళ్లోంచి వెళ్తుంటే మా అత్త వాకిట్లో కళ్లాపి చల్లుతూ కనబడిందట. బండి ఆపకుండానే కేకేశాడు. ఆ మాటలు తర్వాత నాకు ఇద్దరూ విడివిడిగా చెప్పారు, ఇద్దరూ ఒకేలా చెప్పారు.

"పెద్దమ్మా! నీ కొడుకు నీ కోడలికి సెంటు కొన్నాడే!"

"సెంటా? ఎక్కడ్రా?"

"అరకులో!"

"ఎన్నిరా?"

"ఒకటే! సిన్నదే గాని మంచిదట! పల్లూ పూలూ అన్నీ అందులోనే ఉన్నాయట!"

బండి మలుపు తిరిగిపోయింది. వాడికేం తెలుసు, ఆవిడ ఏ సెంటు అనుకుందో. మా అత్త చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. కొడుకు జాగా కొన్నాడు. పళ్ల చెట్లూ పూల చెట్లూ ఉన్న జాగా కొన్నాడు. కొన్నవాడు తల్లి పేరన కొనకుండా పెళ్లాం పేరన కొన్నాడు. మొదటిదానికి సంతోషం, ఆఖరిదానికి ఒళ్లుమంట. రెండూ కలిసి ఆవిణ్ణి నిలవనివ్వలేదు.

మళ్లీ సంత రోజున ఉప్పుబండి మా పాక ముందు ఆగింది. అందులోంచి మా అత్త దిగింది. ఒక చేతిలో మూట, ఒక చేతిలో గునపం. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. అప్పటిదాకా నేను ఉత్తమురాలినే. ఆవిణ్ణి చూడగానే సెంటు సంగతి తెలిసిపోయి ఉంటుందనుకున్నాను. తల్లికి కోక కొనని కొడుకు పెళ్లానికి వాసన నీళ్లు కొన్నాడంటే ఏ అత్త ఊరుకుంటుంది? లోపలికి పరుగెత్తి బుడ్డిని చోళ్ల కుండలో, రాగి గింజల అడుక్కి తోసేశాను. కాని పొద్దున్నే రాసుకున్న వాసన పోవాలి కదా, అది పోలేదు.

బండివాడు ఆవిడ మూట అందుకుని గుమ్మంలో పెడుతూ, "మీ అత్త తోటికోడల్ని కడిగీసి మరీ వచ్చింది. ఊరంతా ఇన్నాది" అని నాకు మాత్రమే వినబడేలా చెప్పి సంతలోకి వెళ్లిపోయాడు. ఎందుకు కడిగిందో నాకు అంతుపట్టలేదు. మా అత్త పాకలోకి వచ్చి గాలి పీల్చింది.

"మాగిన పల్ల వాసనొస్తంది. తోట దగ్గిరేనేటే?"

"ఏ తోటత్తా?"

"నా దగ్గిర దాయకు గుంటా. నీకు సెంటు కొన్నాడట గదా."

ఇక దాచి లాభం లేదు. "కొన్నాడత్తా. నానడగనేదు. తనకి తనే కొన్నాడు."

"నీ పేరనే కొన్నాడా?"

"నాకోసమే అన్నాడు."

"ఏదీ, సూపించు."

"అయిపోవచ్చిందత్తా. కొంచెమే మిగిల్నాది."

"అయిపోవచ్చిందా!" ఆవిడ గునపం ఠక్కున నేల మీద పెట్టింది. "ఉన్నదే ఒక్క సెంటు గదే! ఎవులికిచ్చీసినావు? మీయమ్మోలకా?"

"ఎవులికీ ఇవ్వనేదత్తా, ఒట్టు. అంతా నానే రాసీసుకున్నాను."

"రాసీసుకున్నావా! నా కొడుకు కట్టార్జితం నీ పేరన రాసీసుకున్నావా! ఏ కరణం రాసినాడు? సాచ్చికం ఎవులెట్టినారు?"

"రాసుకోడానికి కరణమెందుకత్తా?" నాకు ఏడుపొక్కటే తక్కువ. "సెవి ఎనకాల రాసుకున్నాను."

మా అత్త నా చెవి వెనక్కి చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసింది. పిచ్చేమో అనుకుందని తర్వాత ఎప్పుడో చెప్పింది. నేను చోళ్ల కుండలో మోచేతి దాకా చెయ్యి పెట్టి బుడ్డి తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ అడిగిన ప్రశ్నలన్నీ అప్పుడు నా బుర్రలో ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. తోట, పేరు, కరణం, సాక్ష్యం. నవ్వు తన్నుకొచ్చింది. తడిక పట్టుకుని పడీపడీ నవ్వాను.

ఆవిడ బుడ్డిని వెలుతురుకేసి పట్టి చూసింది. మూత తీసి వాసన చూసింది.

"ఇదేటి?"

"సెంటు."

"మరి జాగా?"

"జాగా నేదత్తా."

మా అత్త నవ్వలేదు. మూత జాగ్రత్తగా బిగించి బుడ్డి నాకు ఇచ్చేసింది. "పద్రంగా ఎట్టుకో. ఒలికిపోద్ది" అంది. గుమ్మంలో ఉన్న తన మూట మీద కూర్చుంది. అప్పుడు చెప్పింది, తోటికోడలితో ఏమన్నదో. అన్నాళ్లూ దిగమింగిన మాటలన్నీ ఊరి వాళ్ల ముందు కక్కేసిందట. "నా కొడుకు జాగా కొన్నాడు, నీ వసారాలో నీ కుక్కని తొంగోబెట్టుకో అనీసినానే. ఆ మాటన్నాక ఏ మొకమెట్టుకుని ఆ గుమ్మం తొక్కుతాను?" అంది. నా నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది.

సాయంత్రం మా ఆయన వచ్చి, సంగతి విని, ముందు నాలాగే నవ్వాడు. తల్లి ముఖం చూసి మానేశాడు. "కొండ మీద మనకి జాగా ఎవులమ్ముతారే అమ్మా? పల్లపోల్లు కొనకూడదని సర్కారు సట్టం" అన్నాడు. "వచ్చే సంత బండికి ఎల్లిపోదువు గాని. సిన్నాన్నకి నాను కబురెడతాను. వానలు పడితే ఈ పాక ఎక్కడుంటాదో నాకే తెలీదు, నిన్నెక్కడెట్టుకోను?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, చెప్పిందాంట్లో అబద్ధమూ లేదు. చిన్నాన్న రానిచ్చినా రానివ్వకపోయినా పంపడం తప్ప ఆయనకు మరో దారి తోచలేదు. మా అత్త "అలగే" అంది. ఆవిడ నోట ఒక్క మాటతో సరిపోవడం నేను వినడం అదే మొదలు.

ఆ మధ్యలో గడిచిన రోజులు నాకు బాగా గుర్తు. పొయ్యిలో కట్టె తోయడానికి నన్ను అడిగేది. "ఈ పుల్ల తియ్యొచ్చా?" అనేది. కుండలో నీళ్లు ముంచుకోవడానికి అడిగేది. అంబలి పోసి ఇస్తే, కుండ అడుగుకేసి చూసి, మాకు మిగిలిందని నమ్మకం చిక్కాకే తాగేది. పాకలో చోటున్నా చూరు కింద, సగం జల్లు కొట్టే చోట చాప వేసుకునేది. లోపలికి రమ్మంటే "నాకలవాటే" అనేది. గొంతు పెంచదు, వంక పెట్టదు. అలాంటి అత్త దొరకడం అదృష్టమని మా అమ్మ అనేదేమో. నాకు మాత్రం ఇంట్లో ఎవరో అపరిచితురాలు తిరుగుతున్నట్టుండేది.

బండి వచ్చే ముందు రోజు పులుసుకు ఆవిడ చింతపండు నానేసింది. నెల్లాళ్ల చింతపండు ఒకేసారి నానేసినట్టు కనబడింది నాకు. "ఏటత్తా, ఊరంతటికీ పులుసెడతావా?" అని కసిరాను. ఏ అత్తయినా దానికి నా ఏడు తరాలనూ తవ్వి పోయాలి. మా అత్త చేతులు తుడుచుకుని, "తప్పయిపోనాదమ్మా" అంది.

అమ్మా అంది నన్ను. వచ్చిన రోజున గునపం నేలకు కొట్టి "ఎవులికిచ్చీసినావు?" అని గర్జించిన మనిషి. ఆ వసారాలో ఇన్నేళ్లూ ఇలాగే బతికిందని నాకు అప్పుడు తెలిసింది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"నన్ను తిట్టవేటత్తా?" అని అడిగాను. "నీకు నోరు నేదా?"

"ఎల్లిపోయీదాన్ని. నాకెందుకు తిట్లు?"

"వచ్చిన రోజున తిట్టినావు గదా!"

ఆవిడ మళ్లీ చింతపండు పిసకడం మొదలుపెట్టింది. "ఆ రోజు జాగా ఉందనుకున్నాను" అంది. "దాని పేరనున్నా పరవానేదు, నా కోడలిదే గదా అనుకున్నాను. మరిది పెల్లాం తిడితే నోరు మూసుకోవాల. కోడలు తిడితే నానూ తిడతాను. నాకు గావలసింది అదేనే. జాగా అంటే మరేటి?"

ఆ పూట పులుసు మహా పుల్లగా ఉంది. ముగ్గురం మాట్లాడకుండా తిన్నాం.

మర్నాడు సంత ముగిశాక బండి మా పాక ముందు ఆగింది. మా ఆయన మూటా గునపం బండిలో పెట్టాడు. మా అత్త ఎక్కి ఖాళీ ఉప్పు గోనెల మీద కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ కొంగు సర్దుకుని రోడ్డుకేసి చూస్తోంది, మా వైపు చూడ్డం లేదు. కింద ఆ తోటికోడలు ఈవిణ్ణి చూసి ఏం నవ్వు నవ్వుతుందో నా కళ్లకు కట్టింది. రానిచ్చినా కుక్క పక్కనే పడుకోమంటుంది. బండివాడు ఎడ్లను అదిలించబోయాడు.

"మూట దింపు" అన్నాను మా ఆయనతో.

"ఏటే?"

"అత్త ఎల్లదు."

"పాక మారినప్పుడు?"

"మనం మారట్లేదేటి? మనతోటే మారతాది."

మా ఆయన తల గోక్కున్నాడు. మూట మీద చెయ్యి వేశాడు గాని తల్లి వదల్లేదు. బండి మీద నుంచే నాతో అంది:

"జాలికి దింపకే గుంటా. ఇయాల జాలి పడతావు. రేపు పిల్లలు పుడతారు, ఇరుకైపోద్ది. అప్పుడు నన్ను పొమ్మంటావు."

"పొమ్మంటాను" అన్నాను. "కోపమొస్తే తప్పకండా అంటాను. నువ్వెల్లకు."

బండివాడు నన్నే చూస్తున్నాడు, మా ఆయనా నన్నే చూస్తున్నాడు. మా అత్త మాత్రం కొడుకుకేసి తిరిగింది. "ఒరే, అలగ గుడ్లప్పగించి నిలబడ్డావేటి? మూట దింపు బేగి. గుడ్డలన్నీ ఉప్పయిపోతన్నాయి" అంది. దిగుతూ దిగుతూ నన్నూ వదల్లేదు. "నీకు నిన్న నోరు పడిపోనాదేటే, బండెక్కినాకా సెప్పడం?" అంది.

ఆ తర్వాత ఎన్నో పాకలు మారాం. ఆవిడ బతికుండగా సెంటు జాగా కొనలేకపోయాం. పిల్లలూ పుట్టారు, ఇరుకూ అయింది, నా నోరూ ఊరుకునేది కాదు, ఆవిడ నోరూ ఊరుకునేది కాదు. చాలాసార్లు పొమ్మన్నాను. ఒక్కసారీ వెళ్లలేదు.